బక్కి బరువు

సారమ్మ ఆవు ఎట్లా ఉందని ఎవరడిగినా ఆమె నోట వచ్చే మాట ఒక్కటే. "ఏముంది, బక్కది."

ఆ ఆవు బక్కది కాదు. లింగాల మండలం మొత్తంలో అంత ఆవు ఇంకొకటి ఉందో లేదో గానీ ఆ పల్లెలో మాత్రం లేదు. కొట్టంలో నిలబడితే ఇటు గుంజకూ అటు గోడకూ మధ్య మనిషి దూరే సందు ఉండేది కాదు. పూటకు ఆరు లీటర్ల పాలు, తక్కువ కాకుండా. అయినా దాని పేరు బక్కి. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో ఒకడికి పెంటయ్య అని పేరు పెట్టి బతికించుకున్నట్టు, సారమ్మ తన జెర్సీ ఆవుకు ఏరికోరి ఆ పేరు పెట్టుకుంది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇక పాలిచ్చే ఆవెంత. ఆదివారం చర్చిలో పాస్టరు దిష్టి లేదూ గిష్టి లేదూ అని చెబితే అందరికన్నా ముందు ఆమెన్ అనేది సారమ్మే. ఇంటికి రాగానే ఆవు మెడలో నల్లతాడు సరిగ్గా ఉందో లేదో చూసుకునేదీ సారమ్మే. దేవుడి మీద నమ్మకం లేక కాదు పాపం, ఊరి కళ్ల మీద నమ్మకం లేక.

పాల సంగతీ అంతే. ఒక క్యాను ఆమె పాలకేంద్రానికి పట్టుకుపోయేది. రెండో క్యాను మొగుడు వెంకటన్న చేత వెనక సందులోంచి బస్టాండు దగ్గరి హోటలుకు పంపేది. ఇక్కడివాళ్లకు అక్కడి లెక్క తెలియదు, అక్కడివాళ్లకు ఇక్కడిది తెలియదు. వెంకటన్న నోట్లో నాలుక లేని మనిషి. ఎందుకే ఈ దొంగతిరుగుడు అని మూడేళ్లలో ఒక్కసారి అడిగాడు. సారమ్మ చూసిన చూపుకు మళ్లీ అడగలేదు.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. పెళ్లయిన నాటినుంచి పదిహేనేళ్లు ఆ ఇద్దరూ మేస్త్రి నాగన్న గుంపులో మట్టిపనికి పోయినవాళ్లే. పూణే అవతల కాలువ గట్లు, షోలాపూర్ దగ్గర రోడ్లు, ఎక్కడ పని ఉంటే అక్కడ గుడిసె. కూతురు ఉమ కంకర కుప్పల మీద పాకుతూ పెరిగింది. బడిలో పేరు రాయించేలోపే బండి ఎక్కాల్సి వచ్చి రెండు తరగతులు పోగొట్టుకుంది. మూడేళ్ల కింద బక్కి ఇంటికి వచ్చాకే మూట విప్పారు. ఉమ ఇప్పుడు తొమ్మిదో తరగతి, ఒక్క రోజు మానకుండా పోతోంది. ఆవు నిలబడితే ఇల్లు నిలబడుతుంది, ఆవు పోతే మళ్లీ నాగన్న బండి ఎక్కాలి. ఆ ఇంట్లో ఈ మాట ఎవరూ పైకి అనరు గానీ ముగ్గురికీ తెలుసు.

వినాయక చవితి వెళ్లిన వారానికి ఒక పొద్దున బక్కి కుడితి గోళెంలో మూతి పెట్టి తీసేసింది. సారమ్మ చెవి పట్టుకుని చూస్తే కాలుతోంది. పాలు సగానికి సగం పడిపోయాయి. కళ్ల వెంట నీళ్లు. భుజం ముందర నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. వెతికితే చెవి మడతల్లో, తోక కింద, పొదుగు సందుల్లో గోమార్లు, రక్తం తాగి ఆముదపు గింజల్లా ఉబ్బి ఉన్నాయి.

పక్కింటి రాధమ్మ గోడ మీంచి తొంగిచూసింది. ఆ ముసలమ్మకు చెవులు సరిగ్గా వినపడవు గానీ ఎవరింట్లో పశువు మేత మానేసిందో మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

"గడ్డ మీద కొడవలి కాల్చి వాత పెట్టురి. మా కాలంల గట్లనే పోయేది" అంది.

వెంకటన్న లోపలికి పోయి కొడవలి తెచ్చాడు. పొయ్యిలో పెట్టబోతుంటే సారమ్మ అతని చేతిలోంచి లాక్కుంది.

"ఉమ నాయినా, దాని పెయ్యి ఇప్పటికే కాలుతున్నది. ఇంకా కాలుస్తవా నువ్వు?"

"మరి ఏం చేద్దాం?"

"దవాఖానకు చెప్దాం. వాతలు పెట్టించుకొని బతికిన గొడ్లు ఎన్ని ఉన్నయో నేను చూడలేదా. జోగన్నోళ్ల ఎద్దు బతికిందా?"

కొడవలి చూరులోకి పోయింది. సారమ్మ గోపికి ఫోన్ చేసింది. గోపి అయిదారు ఊళ్ల పశువులకు సూదులు వేసే గోపాలమిత్ర. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి, అయినా గంటలో వచ్చాడు. జ్వరం చూస్తే నూటఆరు. చెవి కొసన చిన్నగా గుచ్చి, వచ్చిన రక్తపు చుక్కను గాజుపలక మీద పలచగా పూసి కాగితంలో చుట్టాడు.

"అక్కా, ఇది వట్టి జరం కాదు. గోమార్లతోని వచ్చినట్టే ఉన్నది. నాగర్‌కర్నూల్ల పద్మజ మేడంకు చూపిస్త. అప్పటిదాక వేరే సూదులేం వేయించకురి."

మరునాడు పొద్దున డాక్టరు పద్మజ నుంచే ఫోన్ వచ్చింది. ఆమె టీకాల పని మీద ఊళ్లు తిరుగుతోంది. వెనక దూడల అరుపులు వినపడుతున్నాయి.

"సారమ్మా, గోమార్లు కరిచినప్పుడు ఆవు రక్తంలకు సన్నటి పురుగు ఎక్కింది. కంటికి కనపడదు. థైలేరియా అంటరు. దానికి వేరే మందు ఉన్నది. మామూలు జరం సూదికి తగ్గదు. మందు పంపిస్త, గోపి వేస్తడు. అయితే ఆవు బరువును బట్టి ఇయ్యాలె. ఇరవై కిలోలకు ఒక మిల్లీలీటరు లెక్క. మీ ఆవు ఎన్ని కిలోలు ఉంటది?"

సారమ్మ వాకిట్లో నిలబడి మాట్లాడుతోంది. గోడ మీద రాధమ్మ. బిందెలతో పోతూ ఆగిన ఇద్దరు ఆడవాళ్లు. అందరి చెవులూ ఇటే ఉన్నాయి. మూడేళ్లు సాధకం చేసిన నాలుక తన పని తాను చేసుకుపోయింది.

"ఏముంది మేడం, బక్కది. రెండువందల యాభై ఉంటే ఎక్కువ."

"పాలు?"

"పూటకు మూడు లీటర్లు. అదిగూడ గుంజితే."

"సరే, పన్నెండున్నర మిల్లీలీటర్లు వేయమంట. పాలు నేను చెప్పేదాక ఎవరికీ పొయ్యొద్దు. మీరూ తాగొద్దు."

సాయంత్రం ఇరవై మిల్లీలీటర్ల సీసా పట్టుకుని గోపి వచ్చాడు. సిరంజిలోకి మందు ఎక్కిస్తూ ఆవును పైనుంచి కిందికి చూశాడు.

"మేడం పన్నెండున్నర అన్నది గానీ, ఆవు జర పెద్దగనే..."

"కండ్లు పెట్టకు తమ్మీ" అని సారమ్మ మధ్యలోనే తుంచేసింది. "కడుపుబ్బరం అది. తిండి లేక ఉబ్బింది."

తిండి లేకపోతే కడుపు లోపలికి పోతుంది గానీ ఉబ్బుతుందా? గోపికి ఆమాత్రం తెలియక కాదు. కానీ వాడూ ఈ మట్టిలో పుట్టినవాడే. వాళ్లమ్మ కూడా మంద లెక్కపెట్టేటప్పుడు పది మేకలకు ఎనిమిదనే చెబుతుంది. ఎదుటివాళ్ల గొడ్డును పెద్దది అన్నవాడు ఆ వాకిట్లో మళ్లీ అడుగు పెట్టలేడు. నోరు మూసుకుని, మేడం చెప్పిన లెక్కనే ఆవు మెడ కండలో మందు వేశాడు. మిగిలిన ఏడున్నర మిల్లీలీటర్లూ సీసాలోనే ఉన్నాయి. సారమ్మ దాన్ని గుడ్డలో చుట్టి, గోడగూట్లో బైబిలు పక్కన పెట్టింది.

రెండు రోజులు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టే ఉంది. జ్వరం దిగింది. బక్కి నాలుగు పరకలు గడ్డి నమిలింది, కుడితి తాగింది. సారమ్మ పిండిన పాలు పిండినట్టే దిబ్బ పక్కన పారబోస్తూ కూడా నవ్వుతూనే ఉంది. నాలుగోనాడు జ్వరం మళ్లీ ఎక్కింది. ఈసారి చిగుళ్లు చూస్తే తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి. మధ్యాహ్నానికి ఆవు కాళ్లు మడిచి కూలబడింది. లేపితే లేవలేదు.

సరిగ్గా అప్పుడే మేస్త్రి నాగన్న వచ్చాడు. చెడ్డవాడేం కాదు. పని దగ్గర కూలీకి జ్వరమొస్తే గోలీ తెచ్చిచ్చే మనిషే. కొట్టంలోకి తొంగిచూసి, నాలుక చప్పరించి, వెంకటన్న పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"వచ్చే శుక్రవారం బండి పోతున్నది వెంకటన్నా. ఇంగ ఆ గొడ్డు లేస్తదని నాకైతే నమ్మకం లేదు. మీ ఇద్దరికి జాగ ఉంచుత. పిల్లను గూడ తోలుకరారి, వంటకు అయితది."

వెంకటన్న నేల చూశాడు. అతను నేల చూశాడంటే ఒప్పుకున్నట్టేనని సారమ్మకు తెలుసు. గడప దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడ్డ ఉమ కూడా నాన్న వైపే చూస్తోంది. సారమ్మకు ఒళ్లు మండింది.

"వంటకా? నా బిడ్డ తొమ్మిది చదువుతున్నది నాగన్నా. పది చదువుతది. ఆడికెళ్లి పైకి చదువుతది. ఆవు ఇంకా సావలే, నువ్వు అప్పుడే బండిల జాగ చూపిస్తున్నవు."

"నేను మీ మంచికే చెప్తున్న సారమ్మా."

"మంచిదే. శుక్రవారం దాక ఆగు. అప్పుడు ఆవు లేవకుంటే మాట్లాడు."

నాగన్న చెప్పులేసుకుని పోయాడు. సారమ్మ డాక్టరుకు ఫోన్ చేసింది. ఒకసారి ఎత్తలేదు, రెండోసారి ఎత్తలేదు. ఆరోసారి ఎత్తింది. "మేడం, మందు పనిచెయ్యలే. నువ్వు రావాలె. రాకుంటే ఆవును మంచం మీద ఎత్తుకోని నీ దవాఖాన ముంగట పండబెడ్త" అంది. డాక్టరు పద్మజకు ఇలాంటి మాటలు కొత్తకాదు. పొద్దున్నే వస్తానంది, వచ్చింది.

కొట్టం గుమ్మంలోనే ఆగిపోయింది ఆమె. పడుకుని ఉన్న ఆవును చూసింది. సారమ్మను చూసింది. మళ్లీ ఆవును చూసింది.

"సారమ్మా, నువ్వు ఫోన్ల చెప్పిన ఆవు ఇదేనా?"

డాక్టరు సంచిలోంచి కొలిచే టేపు తీసింది. ఛాతీ చుట్టుకొలత తీస్తే బరువు ఇంచుమించు తెలుస్తుంది. అది చూడగానే సారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కొలువకు మేడం. నీ కాళ్లు మొక్కుత. పడుకున్న గొడ్డును కొలిస్తే గుంతకు కొలిచినట్టయితది."

డాక్టరు కోపం చేసుకోలేదు. ఆవు పక్కనే గడ్డి మీద కూర్చుంది.

"మాది గద్వాల దిక్కు. మా అమ్మ గూడ నీ లెక్కనే. పాలెన్ని అంటే చెంబెడు అనేది. నేను చిన్నప్పుడు బొద్దుగ ఉంటే నన్ను గూడ కట్టెపుల్ల అని పిలిచేది. అది ఇరుగుపొరుగోళ్లకు చెప్పే మాట సారమ్మా. వైద్యుని ముంగట, వకీలు ముంగట చెప్పే మాట కాదు. నేను మందు లెక్కగట్టి పంపిన. నువ్వు చెప్పిన ఆవుకు పంపిన. ఈ ఆవుకు నేను ఏ మందూ పంపలే."

సారమ్మ చెయ్యి తనంతట తానే కిందికి జారింది. తర్వాత ఆమె వంగి, టేపు కొసను ఆవు కిందుగా తనే దూర్చి, అవతల ఉన్న వెంకటన్నకు అందించింది. మూగమనిషిలా నిలబడ్డ వెంకటన్న గబగబా అందుకున్నాడు.

డాక్టరు అంకెలు చూసి, మనసులో లెక్క వేసుకుని చెప్పింది. "నాలుగు వందల కిలోలు. ఇరవై మిల్లీలీటర్లు పడాలె. పడింది పన్నెండున్నర. పురుగు సగం సచ్చింది, మిగిలింది మళ్ల పెరిగింది. ఆ సీస ఏమైంది?"

ఉమ లోపలికి పరుగెత్తి, గూట్లోంచి గుడ్డ మూట తెచ్చింది. డాక్టరు సీసాను వెలుతురుకు ఎత్తి పట్టింది. లోపల ఎర్రటి మందు అడుగున కదిలింది.

"ఏడున్నర" అంది. "నువ్వు దాచిన నూటయాభై కిలోలు ఇగో, ఈ సీసలనే ఉన్నయి."

సారమ్మ ఏడవలేదు. ఏడ్చే తీరిక ఉందని ఆమెకు అనిపించలేదు. "తప్పు నాది మేడం" అంది. "గోపి అడిగిండు గూడ. నేనే వాని నోరు మూసిన. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యాలె?"

"ఇప్పుడు పూర్తి మోతాదు మళ్ల పడాలె. ఇది ఇప్పుడే వేస్త, మిగతాదానికి ఇంకో సీస కావాలె. ఎంత జల్ది తెస్తే అంత మంచిది. లేస్తదని మాటియ్యలేను. రక్తం బాగ తగ్గింది. మందు వెయ్యడం నా చేతుల ఉన్నది. దాన్ని చూసుకునుడు నీ చేతుల ఉన్నది."

వెంకటన్న అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు. అచ్చంపేటలో దొరకలేదు. అక్కడినుంచి నాగర్‌కర్నూల్ బస్సెక్కి, రెండు షాపులు తిరిగి, మూడో షాపులో పట్టుకుని, పొద్దు వాలేలోపు తెచ్చాడు. నేల చూసే మనిషి ఆ రోజు దారి తప్ప ఇంకేమీ చూడలేదు. డాక్టరు మిగతా ఊళ్లు చూసుకుని తిరిగొచ్చి, మిగిలిన మందు మెడకు రెండోపక్క వేసింది. రక్తం పట్టడానికి వేరే సూది వేసి, సెలైను ఎక్కించింది. ఏం పెట్టాలో, ఎన్ని గంటలకొకసారి ఆవును పక్క మార్చాలో చెప్పి, చివర్న కొట్టం గోడ చూపించింది.

"ఆవు మీద ఉన్నయే గోమార్లు అనుకోకు. గుడ్లు పెట్టేది ఆ గోడ పగుళ్లల్ల. ఆవుకు మందు కొట్టి గోడను వదిలేస్తే మళ్ల మొదటికొస్తది."

గోడ మాట వినగానే సారమ్మ కళ్లు మెరిశాయి. మిగతా ప్రపంచంలో ఆమెకు తెలియనివి ఎన్నైనా ఉండొచ్చు, మట్టి మాత్రం తెలుసు. మరునాడు గోపి చేతులకు తొడుగులేసుకుని ఆవుకూ గోడలకూ గోమార్ల మందు కొట్టిపోయాడు. మందు ఆరాక సారమ్మ చీర కొంగు దోపి పనిలోకి దిగింది. ఎర్రమట్టి తవ్వి తెచ్చింది, వరిపొట్టు కలిపి తొక్కింది. పగులు పగులునా పిడికిలితో మట్టి కూరి మెత్తి, అరచేత్తో నున్నగా తీసింది. పదిహేనేళ్లు ఎవరెవరి గట్లకో ఎత్తిపోసిన చేతులు అవి. తన గోడకు ఎత్తడం ఇదే మొదలు. మధ్యమధ్య పని ఆపి వచ్చి, వెంకటన్నతో కలిసి ఆవును ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పేది. కింద గోనెసంచులు, గడ్డి మార్చేది. బెల్లం నీళ్లు, జొన్న అంబలి గొట్టంతో కొంచెం కొంచెంగా తాగించేది.

"లే బక్కీ" అనేది ప్రతిసారీ. మొదట బతిమాలినట్టు, తర్వాత కసిరినట్టు. "పండుకున్నది చాలు. లే."

రాధమ్మ గోడ మీంచి చూసి చూసి, ఇక లాభం లేదనుకుంది. అయినా మనసాగక రోజూ చెంబుతో గంజి అందించింది. వాత మాట మళ్లీ ఎత్తలేదు.

బుధవారం జ్వరం దిగింది. ఈసారి సారమ్మ నవ్వలేదు, ముందోసారి నవ్వి మోసపోయింది. గురువారం బక్కి గడ్డి నమిలింది, నెమరు వేసింది. శుక్రవారం పొద్దున ఉమ బడికి జడ వేయించుకుంటుండగా కొట్టంలో గుంజ కిర్రుమంది. తల్లీకూతుళ్లు పరుగెత్తారు. బక్కి ముందుకాళ్ల మోకాళ్ల మీద ఆగి వణుకుతోంది. సారమ్మ తోక మొదలు పట్టింది, ఆవు భుజం కింద వెంకటన్న తన భుజం పెట్టాడు, ఉమ మధ్యలో దూరింది. బక్కి ఒకసారి జారి కూలబడింది. రెండోసారి లేచింది. కాళ్లు నాలుగు దిక్కులకూ పెట్టుకుని, ముక్కుతూ మూలుగుతూ నిలబడింది. వెంకటన్న దాని మెడ కరుచుకుని పెద్దగా ఏడ్చేశాడు. మూడేళ్లలో అతను చేసిన పెద్ద చప్పుడు అదే.

పది గంటలకు నాగన్న బండి వాకిటి ముందు ఆగింది. నాగన్న దిగలేదు. నిలబడి ఉన్న ఆవును చూశాడు, కొత్త గోడ చూశాడు, తలూపి పోనియ్యమన్నాడు.

నెల తిరిగాక డాక్టరు పాలు పోయొచ్చని చెప్పింది. మొదటి పొద్దున సారమ్మ రెండు చేతుల్లో రెండు క్యాన్లు పట్టుకుని, సందులోంచి కాదు, నడివీధిలోంచి పాలకేంద్రానికి నడిచింది. రెండూ ఎవరివని అక్కడివాళ్లు అడిగితే, "మా బక్కియే, రెండూ. నిండా కోలుకోలే, ఇంకా ఇస్తది" అంది. ఆ మాట నోరు దాటుతుంటే ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. వెనక్కి తిరిగి ఎవరైనా చూస్తున్నారా అని చూసింది కూడా. అందరూ చూస్తున్నారు. అయినా నడిచి ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం ఉమ చేతికి సున్నం గిన్నె, కుంచె ఇచ్చి, కొట్టం బయటి గోడ మీద రాయమంది. బక్కి, నాలుగు వందల కిలోలు, పూటకు ఆరు లీటర్లు, మందు ఇరవై మిల్లీలీటర్లు. రాధమ్మ గోడ మీంచి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"సారమ్మా, మతిగాని పోయిందా నీకు? ఊరందరు సదివేతట్టు గట్ల రాస్తే దిష్టి తాకదా?"

"దిష్టి తాకితే తీసేతందుకు ఉప్పు ఉన్నది, మిరపకాయలు ఉన్నయి అత్తా. మందు తక్కువైతే తీసేతందుకు ఏమున్నది?"

సారమ్మ రోడ్డు దాకా పోయి, అక్కడినుంచి గోడ వైపు తిరిగి చూసి, కూతురిని కేకేసింది.

"అంకెలు జర పెద్దగ రాయి బిడ్డా. మేడం జీపు దిగకముందే కనపడాలె."